ఒంటి మీద కుట్టిన గౌను

మా పూజ నోరు మూసుకుని ఉండడం పుట్టినప్పటి నుంచి నేను చూడలేదు. నిద్రలో కూడా ఎవరితోనో పంచాయితీ పెట్టుకుంటుంది. వాళ్ళ నాన్న దానికి రేడియో అని పేరు పెడితే, ఆపే మీట లేని రేడియో అని నేను తోడు కలిపాను. అలాంటి పిల్ల సద్దుల బతుకమ్మ నాడు పొద్దుగూకే వేళ కొత్త గౌను తొడుక్కుని నట్టింట్లో నిటారుగా నిలబడి ఉంది. పెదాలు బిగబట్టుకుంది. కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నా కిక్కురుమనకుండా నావైపే చూస్తోంది. గడపలో చెప్పులు విడుస్తూ ఏమైంది బిడ్డా అని అడిగాను. జవాబు లేదు. 

ముందు ఆ గౌను సంగతి చెప్పాలి. నేను మొయినాబాద్ దగ్గర మా ఊరు హిమాయత్‌నగర్‌లో ఇంట్లోనే మిషన్ కుడతాను. బతుకమ్మ వచ్చిందంటే ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఒక్కసారే జాకెట్లు గుర్తొస్తాయి. ఇవాళ గుడ్డ తెచ్చిచ్చి రేపు పొద్దున్నే వాకిట్లో నిలబడతారు. కుట్టలేదంటే పండగంతా నేనే చెడగొట్టినట్టు మొహం పెడతారు. ఈ గోలలో నా బిడ్డ గౌను వెనక్కి జరుగుతూ జరుగుతూ పండగ రోజుదాకా వచ్చింది. పూజ కడుపులో ఉన్నప్పుడు సీమంతానికి మా అమ్మ పెట్టిన వంకాయ రంగు పట్టుచీర బీరువాలో ఉంటే దాన్నే కోశాను. అంత మంచి చీరను కత్తెర పాలు చేశానని మా అత్తమ్మ గోపమ్మ మూతి ముడుచుకుంది. కట్టని చీర బీరువాలో పడి ఉంటే గుడ్లు పెడుతుందా అని నేనూ ఊరుకోలేదు. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

గౌను మాత్రం బాగా కుదిరింది. అంచు కిందికి వచ్చేలా నిండుగా కుచ్చులు పెట్టాను. బుట్ట చేతులు, వెనక నడుం మీద రిబ్బను ముడిలా పెద్ద బో. ఆ బో పూజ పట్టుబట్టి పెట్టించుకుంది, ఫోన్‌లో ఎవరో పాపకు చూసిందట. ఇక మిగిలింది హుక్కులే. మెడ నుంచి నడుం దాకా వీపు ఇంకా తెరిచే ఉంది. నా దగ్గరున్న హుక్కులన్నీ ఊరివాళ్ళ జాకెట్లకే అయిపోయాయి. ఎదురింటి అంతమ్మక్క జాకెట్ ఆమెకు ఇచ్చేసి, వాళ్ళింట్లో హుక్కుల అట్ట ఉంటే తెచ్చుకుందామని బయల్దేరాను. నేను వచ్చేదాకా గౌను తొడగొద్దని అత్తమ్మకు చెప్పే వెళ్ళాను. అక్కడ బతుకమ్మ పేర్చడం సగంలో ఉంది. గునుగు పూలు అందివ్వమంటే కాదనలేక కూర్చుండిపోయాను.

మా అత్తమ్మకు చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఆమె చేతులు ఒక్క ఘడియ ఊరికే ఉండవు. ఈలోగా వీధిలో పిల్లలు కొత్త బట్టలు వేసుకుని పోతుంటే పూజ ఏడుపు అందుకుందట. మనవరాలు ఏడిస్తే ఆమెకు ప్రాణం కొట్టుకుంటుంది. గౌను తొడిగింది. వీపు తెరుచుకుని ఉంది కాబట్టి సూదీ దారం తీసుకుని పిల్ల ఒంటి మీదే కుట్టేసింది.

ఒంటి మీద ఉన్న బట్టను కుట్టకూడదని మాకు ఒక పట్టింపు. తప్పనిసరై కుట్టాల్సి వస్తే, ఆ బట్ట తొడుక్కున్నవాళ్ళు పళ్ళ మధ్య దారం ముక్క పట్టుకోవాలి. అప్పుడు దోషం ఉండదంటారు. ఇలాంటివి మా అత్తమ్మ ఒక్కటీ వదలదు. కుట్టడానికి కూర్చుంటూనే దారం ముక్క పూజ నోట్లో పెట్టింది. కుట్టడం అయ్యాక బో కట్టి, బొట్టు పెట్టి, తను ముస్తాబు కావడానికి పెరట్లోకి మొహం కడుక్కోను పోయింది.

నాకు ఇదేమీ తెలియదు. నాకు కనబడింది పూజ పెదాల సందున బయటికి వచ్చిన వంకాయ రంగు దారం కొస ఒక్కటే. అదేమిటని చెయ్యి చాపాను. పిల్ల గబుక్కున దాన్ని లోపలికి పీల్చుకుని పళ్ళు బిగించింది. మాట్లాడవే, ఎందుకేడుస్తున్నావు, ఎక్కడ నొప్పి అని కూర్చుని అడిగాను. మెల్లగా చెయ్యి తెచ్చి నడుం పక్కన పెట్టుకుంది. కడుపులో నొప్పి అనుకున్నాను.

అప్పటికే అత్తమ్మ మొహం తుడుచుకుంటూ వచ్చింది. గౌను ఎట్లా కుట్టిందో, దారం ఎందుకు పెట్టిందో చెప్పింది. నేను గౌను సంగతి పక్కన పెట్టి ఒక్కటే అడిగాను.

"సూదేది అత్తమ్మ?"

ఆమె ఎప్పుడైనా సూదిని భుజం మీద చీర మడతలో గుచ్చుకుంటుంది. అక్కడ తడుముకుంది. లేదు. రెండో భుజం తడుముకుంది. దారాల డబ్బా బోర్లించాను. చాప దులిపాను. కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి నా దగ్గర అయస్కాంతం ఉంటుంది, దాన్ని గచ్చంతా తిప్పాను. ఎప్పుడెప్పుడో పోయిన గుండుసూదులు, ఒక విరిగిన మిషన్ సూది వచ్చి అంటుకున్నాయి. చేతి సూది మాత్రం రాలేదు. పూజ కదలకుండా నిలబడి అదంతా చూస్తోంది.

"పిల్ల నోట్లె వెట్టిన దారం యాడికెల్లి తెంపినవ్? రీలుకెల్లి తెంపినవా, సూదికున్నదేనా?"

అత్తమ్మ దారం రీలు అందుకుని కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. కుడి కంట్లో శుక్లం వచ్చి ఆమెకు ఏడాదిగా చూపు మసకే. ఆపరేషన్ చేయిద్దామంటే పండగ కానీ, కోతలు కానీ అని వాయిదా వేస్తూ వస్తోంది.

"యాదికొస్తలేదు బిడ్డ," అంది చివరికి. "బతుకమ్మలు ఎల్లినయని ఎవరో కేకేసిన్రు. ఆగమాగంల ఏం జేసిన్నో ఎరుక లేదు."

 దారం నోట్లో ఉంది. దాని రెండో కొసకు సూది ఉంటే, పిల్ల దారం చప్పరించుకుంటూ సూదిని లోపలికి లాక్కుని ఉంటుంది. అందుకే మాట్లాడడం లేదు. మాట్లాడితే గుచ్చుకుంటోంది.  నోరు తెరవమని బతిమాలాను, బెదిరించాను, పెదాల మధ్య వేలు పెట్టాను. పూజ తల అడ్డంగా ఊపుతూ పళ్ళు ఇంకా గట్టిగా కరిచింది. బలవంతం చేస్తే సూది ఎక్కడ దిగుతుందోనని వేలు వెనక్కి తీసుకున్నాను.

మా గొంతులు విని అంతమ్మక్క పరుగెత్తుకొచ్చింది. సంగతి విని మళ్ళీ వెనక్కి పరుగెత్తి అరటిపండ్లు తెచ్చింది. అరటిపండు మింగిస్తే సూది దానికి చుట్టుకుని సాఫీగా పోతుందని చెప్పింది. పండు పెదాలకు ఆనిస్తే పూజ మొహం తిప్పుకుంది. అరటిపండంటే ప్రాణం పెట్టే పిల్ల. ఇక నాకు ఏ అనుమానమూ మిగల్లేదు.

మా ఆయన శశిధర్ జన్వాడ దగ్గర ఒక ఫామ్‌హౌస్‌లో కారు నడుపుతాడు. పండగ రోజు సార్ ఇంటికి చుట్టాలు వచ్చారని పొద్దున్నే పోయాడు. ఫోన్ చేస్తే మోగుతోంది కానీ ఎత్తడం లేదు. ఎత్తేదాకా చూస్తూ కూర్చునే ఓపిక నాకు లేదు. పక్కింటి పాండన్న షేర్ ఆటో వాకిట్లోనే ఉంది. ఆయన కొత్త అంగీ వేసుకుని గుడికి పోబోతున్నవాడు, పూజను చూసి ఏమీ అడగకుండా ఆటో తీశాడు. నేను పిల్లను ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకున్నాను. వెనక్కి వాలిస్తే సూది లోపలికి జారుతుందని భయం. రెండు చేతులతో చంకల కింద పట్టుకుని, వాలనివ్వకుండా, గాజు బొమ్మను పట్టుకున్నట్టు పట్టుకున్నాను. అత్తమ్మ ఎక్కబోతే నువ్వెందుకు అని కసిరాను. అయినా ఎక్కింది.

మొయినాబాద్‌లో మేము ఎప్పుడూ చూపించుకునే క్లినిక్‌కు షట్టర్ వేసి ఉంది. డాక్టర్ పండక్కి సొంతూరు పోయాడట. ఎక్స్‌రే తీయాలంటే చేవెళ్ళ దవాఖానకు పోవడమే నయమని మెడికల్ షాపతను చెప్పాడు. మెహిదీపట్నం వైపు పోతే పండగ ట్రాఫిక్‌లో ఇరుక్కుంటామని పాండన్న కూడా అన్నాడు. ఆటో చేవెళ్ళ వైపు తిప్పాడు.

ఆ రోడ్డు మీద నేను ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు, కానీ ఆ రోజు అది ఎంతకీ తరగలేదు. వచ్చిన ప్రతి ఊళ్ళోనూ ఆడవాళ్ళు తల మీద బతుకమ్మలు పెట్టుకుని రోడ్డు దాటుతున్నారు. ఒకచోట డీజే బండి అడ్డంగా ఉంది. పాండన్న హారన్ మీది నుంచి చెయ్యి తీయకపోతే ఆడవాళ్ళు కోపంగా చూశారు. లోపల పిల్ల మొహం చూసి పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆటో గుంటలో పడ్డప్పుడల్లా పూజ ఒళ్ళు బిగుసుకుంటోంది. కళ్ళు గట్టిగా మూసుకుంటోంది, నీళ్ళు కారుతున్నాయి, గొంతులో నుంచి ఒక్క శబ్దం లేదు. దెబ్బ తగిలిన పిల్ల ఏడవకపోతే ఎంత భయమేస్తుందో నాకు అప్పుడే తెలిసింది. ఒక్కసారి ఏడువమ్మా, ఒక్కసారి అమ్మా అనవే అని దాని చెవిలో చెబుతూనే ఉన్నాను. అది నా మొహంలోకి చూసి, నా చెంప నిమిరి, పెదాలు మరింత బిగించింది.

నా భయం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టదు. ఎదురుగా అత్తమ్మ ఉంది. చెప్పిన మాట వినని దానివి, గుడ్డిదానివి, నీ చాదస్తాలు నా ఇంటికే పట్టాయి అని నోటికి వచ్చిందల్లా అన్నాను. ఆమె వంగి పూజ పాదం పట్టుకుని కూర్చుంది. చివరికి అనకూడనిది కూడా అన్నాను.

"నా బిడ్డకేమన్నయితే బతికినన్ని దినాలు నీ మొఖం సూడ."

పాండన్న అద్దంలో నుంచి నావైపు చూసి చూపు తిప్పుకున్నాడు. అత్తమ్మ తల ఊపింది, సరే అన్నట్టు.

దవాఖానలో డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. టార్చ్ తీసుకుని నోరు తెరవమంది. పూజ తెరవలేదు. చాక్లెట్ చూపించింది, చెక్క పుల్లతో పెదాలు విడదీయబోయింది. పిల్ల కాళ్ళు తన్నుకుంటూ నన్ను వాటేసుకుంది. లోపల సూది ఉంటే పెనుగులాట ప్రమాదమని డాక్టరమ్మ ఆగిపోయింది. ముందు గొంతు, ఛాతీ, కడుపు ఎక్స్‌రే తీద్దామంది.

ఎక్స్‌రే గది అబ్బాయి గౌనుకు జిప్పు గానీ హుక్కులు గానీ ఉన్నాయా అని అడిగాడు. ఉంటే బట్ట విప్పాలట. ఒక్క హుక్కు కూడా లేదు, ఇంకా పెట్టలేదు అని నేనే చెప్పాను. జరీ సంగతి అడిగితే, ఈ కాలం జరీలో లోహం ఎక్కడిది, అంతా ప్లాస్టిక్కే అని కూడా చెప్పాను. మిషన్ కుట్టేదాన్ని కదా, ఆ మాత్రం నాకు తెలుసు. అయితే గుడ్డతో ఇబ్బంది లేదన్నాడు. బల్ల మీద వెల్లకిలా పడుకోబెడితే పూజ విల్లులా పైకి లేచింది. నేను దాని భుజాలు నొక్కి పట్టుకున్నాను. నా బిడ్డను నేనే నొక్కి పట్టుకున్నాను.

తెర మీద బొమ్మ వచ్చింది. గొంతులో ఏమీ లేదు. ఛాతీలో ఏమీ లేదు. కడుపు మధ్యలో, సన్నని ఎముకల నడుమ, సూది తెల్లగా, ఏటవాలుగా ఉంది. దాని బెజ్జం కూడా కనబడుతోంది.

 డాక్టరమ్మ ఏదో చెబుతోంది. పట్నంలో పెద్ద దవాఖానకు పంపాలి, అంబులెన్స్ చెబుతాను, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు అంటోంది. ఆపరేషన్ అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. ఆ చిన్న కడుపు మీద కత్తి పెడతారా అని ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. పిల్లను నాకు ఇవ్వండి, ఇంటికి పోతాను అన్నానట. అలా అన్నట్టు నాకు గుర్తు లేదు, పాండన్న తర్వాత చెప్పాడు. వాకిలి దగ్గర అత్తమ్మ కూలబడి, అమ్మా బతుకమ్మా నన్ను తీసుకపో, పసిదాన్ని ఇడిసిపెట్టు అని గొణుగుతోంది.

అంబులెన్స్ వచ్చేలోగా పక్కకు తిప్పి ఇంకో ఎక్స్‌రే తీయమంది డాక్టరమ్మ. సూది ఎంత లోతుగా ఉందో దాంట్లో తెలుస్తుందట. పక్కకు తిప్పి పడుకోబెడితే పూజ కొంచెం నెమ్మదించింది. రెండో బొమ్మ వచ్చాక డాక్టరమ్మ తెరకు దగ్గరగా వంగింది. మళ్ళీ చూసింది. నన్ను పిలిచి వేలు పెట్టి చూపించింది.

"అమ్మా, ఇది వెన్నెముక. ఇదిగో ఇది వీపు. సూది దీని వెనకాల ఉంది. పాప ఒంట్లో లేదు, బయట ఉంది."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె పిల్లను బోర్లా తిప్పి, నడుం మీది పెద్ద బో ముడి విప్పింది. దాని కింద, అత్తమ్మ వేసిన చేతికుట్టు చివర, గుడ్డ మడతలో సూది ఉంది. భుజానికి గుచ్చుకునే అలవాటులో మనసక్కడ లేక గౌనుకే గుచ్చి, పైన బో కట్టేసింది. మొన లోపలికి తిరిగి ఉంది.

అక్కడి కత్తెర అందుకుని నేనే కోశాను. కుట్టు వెంబడి కోయాలన్న ధ్యాస కూడా లేదు. బో, నడుం పట్టీ, కుచ్చులు ఎట్లా వస్తే అట్లా కత్తిరించి, బట్టను రెండు పక్కలకు తీసి పడేశాను. పూజ వీపు మీద నడుం దగ్గర ఎర్రటి చుక్కలు, వాటి మధ్య ఒక గీత. ఆటో ఎగిరినప్పుడల్లా ఒక పోటు పొడిచింది. బల్ల మీద నేను భుజాలు నొక్కినప్పుడు గీరుకుపోయింది. లోతు లేదు, మందు రాస్తే మానిపోతుంది అని డాక్టరమ్మ దూదితో తుడిచింది. మందు మండితే కూడా పిల్ల నోరు తెరవలేదు.

నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకే తెలియదు. సూది దొరికింది బిడ్డా, అయిపోయింది, ఇక మాట్లాడు అన్నాను. పూజ మాట్లాడలేదు. గిలిగింతలు పెట్టాను. నాన్నకు ఫోన్ చేద్దామా అన్నాను. పెదాలు అలాగే బిగించి ఉంది. పోయిందనుకున్న భయం మళ్ళీ వచ్చి మీద పడింది. సూది ఒంట్లో లేదు, మరి పిల్ల ఎందుకు ఇట్లా ఉంది? దడుపుకు మాట పడిపోయిందా అని డాక్టరమ్మను అడిగాను. ఆమె మళ్ళీ టార్చ్ అందుకుంది.

అప్పుడు అత్తమ్మ వాకిలి దగ్గర నుంచి లేచి వచ్చింది.  బల్ల పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని, అరచెయ్యి పూజ గడ్డం కింద పెట్టింది.

"తెరువు బిడ్డ. కుట్టుడు ఒడిసింది. నీకు చెప్పుడే నేను మర్చిపోయిన."

పూజ వెంటనే తెరవలేదు. తల తిప్పి నన్ను కిందినుంచి పైదాకా చూసింది. అప్పుడు నెమ్మదిగా పళ్ళు విడదీసింది. తడిసిన దారం ముక్క అత్తమ్మ అరచేతిలో పడింది. దవడలు పట్టేసి నోరు సరిగ్గా తెరుచుకోలేదు కూడా.

"అమ్మకేం గాదు గదా నానమ్మ?"

అమ్మకేమవుతుందే అని నేనడిగాను. అత్తమ్మ తల ఎత్తలేదు. పూజే చెప్పింది.

"కుట్టుడు ఒడిసేదాక నోరు తెరిస్తే నువ్వు సచ్చిపోతవన్నది నానమ్మ. సూది మస్తు గుచ్చింది. అయినా నేను తెరవలే అమ్మ."

పిల్ల దారం వదలకుండా ఉండడానికి అన్న మాట అది. ఏ ఇంట్లోనైనా రోజుకొకటి అంటూనే ఉంటారు. ఇంటి నుంచి చేవెళ్ళ దాకా నేను సూది గురించి భయపడ్డాను. ఆ పసిది నా గురించి భయపడుతూ కూర్చుంది. నోరు తెరువు, ఒక్కసారి ఏడువు అని నేను బతిమాలిన ప్రతిసారీ, తెరిస్తే నేను పోతానని పళ్ళు బిగించింది. ఎదురుగా నేను, వీపులో సూది, పిల్లకు ఎవరితోనూ చెప్పుకునే దారి కూడా లేదు. ఎంతమాటైనా అనగలిగే నా నోటికి అత్తమ్మను అనడానికి ఒక్క మాట దొరకలేదు. ఆమె నేల మీదే కూర్చుని నా కాళ్ళు పట్టుకోబోయింది. నేను ఆమె చేతులు పట్టుకుని ఆపాను.

పూజ నా కొంగు లాగింది.

"ఇప్పుడు ఏడ్వొచ్చా అమ్మ?"

ఏడువు బిడ్డా అని ఎత్తుకున్నాను. అప్పుడు అందుకుంది. దవాఖాన అంతా వినపడేలా, గొంతు చించుకుని, అమ్మా అమ్మా అని ఏడ్చింది. వరండాలో రోగులు లేచి వచ్చి చూశారు. పాండన్న పరుగెత్తుకొచ్చాడు. నేను ఒక చేత్తో దాని తల నిమురుతూ, రెండో చేత్తో అత్తమ్మను లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఊరుకోమని పిల్లతో ఎవరమూ అనలేదు.